పని పంచేటప్పుడు గడియారం కూడా చూడండి

వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో కూర్చుని అమెరికాలోని డల్లాస్ టీమ్‌తో పనిచేసేవాళ్లకు మార్చి మధ్య నుంచి నవంబర్ మొదలు దాకా పదిన్నర గంటల తేడా. మనకు సాయంత్రం 6:30 అంటే అక్కడ పొద్దున 8. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి పోతుంది. మీటింగ్ డల్లాస్ టైముకు పెట్టి ఉంటే అది మనకు 7:30కి జరుగుతుంది. చూసుకోనివాళ్లు గంటసేపు ఖాళీగా కూర్చోవాల్సిందే.

అసలు చిక్కు పనిని ముక్కలు చేయడంలో ఉంది. ఏపీఐ (స్క్రీన్‌కు సర్వర్ నుంచి డేటా అందించే భాగం) అక్కడ, స్క్రీన్ ఇక్కడ అని పంచితే ప్రతి చిన్న సందేహానికీ ఒక రోజు పోతుంది. మూడు సందేహాలొస్తే స్ప్రింట్‌లో, అంటే కొద్ది వారాల పని విడతలో, మూడు రోజులు గల్లంతు. అందుకే ఒక ఫీచర్‌ను డేటాబేస్ నుంచి టెస్టుల దాకా ఒకే ఊరికి ఇవ్వండి. విడదీయక తప్పకపోతే ముందు ఏపీఐ ఫార్మాట్ రాసుకుని, మాక్ సర్వర్ (అసలుది వచ్చేదాకా నమూనా జవాబులిచ్చే సర్వర్) పెట్టుకోండి. కోడ్ రివ్యూకు ఒక్కరైనా ఇక్కడ ఉండాలి.

రోజు చివర పని అవతలి టీమ్‌కు అప్పగిస్తూ రాసే హ్యాండోవర్ నోట్‌లో "దాదాపు అయిపోయింది" అని రాయొద్దు. "లాగిన్ బ్రాంచ్ పుష్ చేశాను. టోకెన్ గడువు టెస్ట్ ఫెయిలవుతోంది. సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైము) తీసుకుంటోంది, టెస్ట్‌లో ఐఎస్‌టీ (భారత టైము) ఉంది. టెస్ట్ మార్చండి" అని రాస్తే అవతలివాళ్లు రాగానే పని అందుకుంటారు.

సద్దుల బతుకమ్మ సెలవు వాళ్ల క్యాలెండర్‌లో ఉండదు. నెల ముందే మనమే ఎక్కించాలి.