స్కోరు కార్డులో లేని మాట

అమెరికాలో పాల సాంకేతిక శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరేనాటికి పాల రసాయనమంతా నాకు కంఠతా వచ్చు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ఎందుకు విరుగుతుందో, కొవ్వు గోళికల చుట్టూ ఉండే పొర ఎప్పుడు చిట్లుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. పాలు నోట్లో పోసుకుని, వాటిలో లోపం ఏమిటో పేరు పెట్టి చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ దానికి పెద్ద సంప్రదాయమే ఉంది. పాల ఉత్పత్తులను రుచి చూసి నాణ్యత తేల్చే విద్యార్థుల జాతీయ పోటీ 1916లో వెన్నతో మొదలైంది. తర్వాత పాలు, చెడ్డార్ చీజ్, కాటేజ్ చీజ్, పెరుగు, ఐస్‌క్రీం వచ్చి చేరాయి. నేను చేరిన ఏడాదే మా జట్టుకు శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు.

మొదటి రోజు బల్ల మీద ఎనిమిది కప్పుల పాలు. మరీ చల్లగా ఉంటే వాసన బయటపడదు కాబట్టి ఫ్రిజ్‌లోంచి ముందే తీసి ఉంచారు. ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, ఉమ్మేసి, ముక్కుతో గాలి వదలాలి. అసలు సంగతి ఆ వదిలే గాలిలోనే తెలుస్తుంది. మూడో కప్పు దగ్గర నాకు ఏదో తగిలింది. మనసులోకి వచ్చిన మాట ‘కమురు’. స్కోరు కార్డులో అచ్చయిన లోపాల పేర్లన్నీ వెతికాను, దానికి సరిపోయేది కనిపించలేదు. నా ముక్కునే అనుమానించి, పదికి తొమ్మిది వేశాను. విద్యార్థులందరూ దానికి చాలా తక్కువ వేశారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా ఆ కప్పే కళ్లముందు కదిలింది.

నాకంటే ముందు జట్టును తీర్చిదిద్దిన పెద్దాయన మర్నాడు నన్ను ప్రయోగశాలకు పిలిచారు. ఒకే సీసాలోని పాలను రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానికి అల్యూమినియం రేకు చుట్టి, రెండింటినీ ఎండ పడే కిటికీలో పెట్టారు. గంట తర్వాత వాసన చూడమన్నారు. రేకు చుట్టిన గ్లాసులో మామూలు పాలు. రెండోదాంట్లో నిన్నటి మూడో కప్పు! పాలలోని రైబోఫ్లావిన్ అనే విటమిన్ వెలుతురును పీల్చుకుని, ప్రోటీన్లలోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని దెబ్బతీస్తుంది. అందులోంచి పుట్టే గంధక సమ్మేళనాలదే ఆ వాసన. ఈ చర్య నాకు తెలుసు, పరీక్షల్లో రాశాను కూడా. కానీ అది ముక్కుకు ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

వెంట్రుక కాలితే వచ్చే వాసనకు మా భాషలో ఒక మాట ఉందని, నిన్న నాకు తోచింది అదేనని ఆయనకు చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “మా పాతవాళ్లు దీన్ని కాలిన ఈక వాసన అనేవారు. మీ ముక్కు సరిగ్గానే పట్టింది, ప్రొఫెసర్” అన్నారు.

అప్పటినుంచి నా తరగతిలో ముందు వాసన, తర్వాతే పేరు. పాలలో రాగి లవణం అతి స్వల్పంగా కలిపి ఉంచితే తడిసిన అట్ట వాసన వస్తుంది. హోమోజినైజ్ చేసిన, అంటే కొవ్వు గోళికలను చిన్నచిన్నవిగా చిట్లగొట్టిన పాలలో పచ్చిపాలు కలిపితే, పొర చిట్లిన కొవ్వు మీద పచ్చిపాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ పనిచేసి, కొవ్వు చెడిన వాసన వేసే బ్యుటిరిక్ ఆమ్లం లాంటివి విడుదలవుతాయి. రుచి చూపించే ముందు ఆ పాలను తప్పకుండా మళ్లీ పాశ్చరైజ్ చేస్తాను. ఒక్క తరగతికి నమూనాలు సిద్ధం చేయడానికి ముందురోజంతా పడుతుంది. పదోన్నతి దరఖాస్తులో పరిశోధన పత్రాలకూ గ్రాంట్లకూ చోటుంది కానీ, ఈ గంటలు రాసుకోవడానికి గడి లేదు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. రేపు ఏదో పాల కర్మాగారంలో చెడిన పాలు ప్యాకెట్లలోకి వెళ్లకుండా ఆపేది ఈ గంటల్లో తయారైన ముక్కే కదా.

ఈ ఏడాది జట్టులో మరో దేశం నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. లైపేజ్ కప్పు దగ్గర చాలాసేపు ఆగింది. ఆమె కార్డు అంచున తన లిపిలో చిన్నగా ఒక మాట రాసుకుంది. ఏమిటని అడిగితే, ఇంగ్లీషులో చెప్పడం రావడం లేదని తల దించుకుంది. చెరిపేయబోతుంటే వద్దన్నాను. కప్పు అందుకుని వాసన చూసి, ఆమె మాట పక్కనే తెలుగులో ‘కనరు’ అని రాశాను. ఆ అక్షరాలను వేలితో తడుముతూ, ఎలా పలకాలని అడిగింది.