మేలో చేసిన పోపుల పెట్టె ఆగస్టులోనూ తెరుచుకోవాలంటే

గృహప్రవేశాలకు ఇవ్వడానికి టేకుతో పోపుల పెట్టెలు చేస్తుంటాను. వీటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది జారుడు మూత. మే ఎండల్లో వేలితో నెడితే కదిలిన మూత, హైదరాబాద్‌లో వానలు పట్టాక గాడిలో బిగుసుకుపోయింది. చెక్క తేమను పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. ఆరంగుళాల మూత ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా పెరిగింది.

చెక్క కోసం కూల్చిన ఇళ్ల టేకు అమ్మే డిపోలకు వెళ్తాను. ఏళ్ల తరబడి ఆరిన చెక్క తొందరగా మెలి తిరగదు. పాత రంగు ఉన్న తలుపు చెక్కను మాత్రం వంటింటి వస్తువుకు వాడను. ఇంటి రంగుల్లో సీసానికి కచ్చితమైన పరిమితి 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. చిత్రిక పట్టే ముందు చెక్క మీద అయస్కాంతం తిప్పుతాను. లోపల విరిగి ఉండిపోయిన ఒక్క మేకు చాలు, చిత్రిక ఉలి అంచు పోతుంది. టేకు పొడి ముక్కునూ చర్మాన్నీ మండిస్తుంది, మాస్కు తప్పనిసరి.

పెట్టె బయటి కొలత పది అంగుళాలు, ఆరున్నర అంగుళాలు, ఎత్తు మూడు. గోడలు నాలుగు సూతుల మందం (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). పొడుగు గోడల చివర్లలో రెండు సూతుల లోతు మూలకోత (అంచున మెట్టులా తీసే కోత) తీసి, పొట్టి గోడలను అందులో కూర్చోబెడతాను. మూత గాడి, అడుగు గాడి కూడా రెండు సూతుల లోతే. మూలకోత, గాడి ఒకే లోతులో ఉంటే గాడి బయటికి కనపడదు. గాడులన్నీ జిగురు పెట్టకముందే తీయాలి. ముందు గోడను అరంగుళం తగ్గిస్తే మూత దాని మీదుగా జారుతుంది.

గాడుల మధ్య ఆరంగుళాలు ఉంటాయి. మే నెలలో చేస్తే మూతకు రెండు వైపులా అర సూతు చొప్పున వదులుతాను, ఆగస్టులో చేస్తే పావు సూతు చాలు. మందంలోనూ కాస్త వదులుండాలి. పట్టుకోవడానికి మూత చివర అడ్డంగా పట్టీ అంటిస్తే, నడిమి అంగుళంలో మాత్రమే జిగురు పెట్టాలి. మొత్తం అంటిస్తే మూత ఉబ్బే దారి లేక చీలుతుంది. అడుగు పలకకు జిగురే పెట్టను, గాడిలో వదులుగా ఉంచుతాను.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. అంటించే చోటును ముందు అసిటోన్‌తో తుడిచి, వెంటనే ఫెవికాల్ మెరైన్ రాసి, మూలమట్టంతో మూలలు చూసుకుని క్లాంపులు బిగిస్తాను. ఒక రోజంతా కదిలించను. బయటికి పొంగిన జిగురును అప్పుడే తడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే నూనె పెట్టాక తెల్లమచ్చ మిగిలిపోతుంది. ఆరాక మూలల్లో మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి వెదురు పుల్లలు దిగగొడతాను.

లోపల ఒక నిలువు, రెండు అడ్డు పలకలు, రెండేసి సూతుల మందం. సగం సగం కోసి ఒకదానిలో ఒకటి దించితే ఆరు అరలవుతాయి: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి. పలకకూ మూతకూ మధ్య పోస్టుకార్డు మందం కన్నా ఎక్కువ సందు ఉంటే, పెట్టె వంగగానే ఆవాలు పక్క అరలోకి దొర్లుతాయి. పసుపు చెక్కకు పట్టేస్తుంది, ఇంగువ వాసన ఎప్పటికీ పోదు. ఆ రెండూ ఇందులో వద్దు.

120, 180, 240 నంబరు ఉప్పుకాగితాలతో వరసగా రుద్దాక బయట మాత్రమే పూత. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ నాలుగు వంతులు, తేనెమైనం ఒక వంతు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తాను. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కొన్నాళ్లకు జిడ్డుగా మారి కంపు కొడతాయి. అవిసె నూనె వాడేవాళ్లు తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి, అది దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో తడిపి బయట పరిచి ఆరబెట్టండి. మూత గాడిలో నూనె వద్దు, గట్టి మైనం ముక్కతో రెండుసార్లు రుద్దితే చాలు.