నలుపు పూస్తే మాయం, తెలుపు పూస్తే ప్రత్యక్షం

ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఇవాళ్టికి పది రోజులు. మొదటి రెండు రోజులూ బ్రష్ పట్టుకుని ఎంత గీసినా ఒక్క గీత పడలేదు. ఏదో పాడైందనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ కూడా చేశా. తీరా చూస్తే ఓ మూల చిన్న సెలెక్షన్, అంటే అంతకుముందు ఎంచుకున్న భాగం, మిగిలిపోయింది. దాని బయట బ్రష్ పనిచేయదట! కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కగానే సెలెక్షన్ పోయింది, బ్రష్‌కి ప్రాణమొచ్చింది.

అసలు కళ్ళు తెరిపించింది లేయర్ మాస్క్, అంటే బొమ్మలోని ఒక పొర (లేయర్) మీద వేసే ముసుగు. అన్నాళ్ళూ బ్యాక్‌గ్రౌండ్‌ని ఎరేజర్‌తో చెరుపుతూ, జుట్టు అంచులు కూడా పోతే తల పట్టుకునేదాన్ని. మాస్క్ మీద నలుపు పూస్తే ఆ భాగం దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, బూడిద రంగైతే సగం సగం కనిపిస్తుంది. కింద ఫొటో మాత్రం చెక్కుచెదరదు. ఈ ముక్క మొదటి రోజే ఎవరూ ఎందుకు చెప్పరో!

అంతా వచ్చేసిందనుకున్నా. నిన్న మూడు గంటల పనిని జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, సేవ్ చేయాలా అని అడిగితే వద్దని మూసేశా. జేపెగ్‌లో లేయర్లు ఉండవు, అన్నీ ఒకే బొమ్మగా అతుక్కుపోతాయి. గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ చేసుంటే విడివిడిగా ఉండేవి. బొమ్మ మీద రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు దిద్దడానికి ఇవాళ మళ్ళీ మొదటి నుంచి కూర్చున్నా.