డైసెల్మా కటింగ్స్: పద్నాలుగో నెల

నిరుడు ఏప్రిల్‌లో వేళ్లు రావాలని పెట్టిన పద్దెనిమిది డైసెల్మా కటింగ్స్‌లో (రెమ్మ ముక్కల్లో) ఇవాళ్టికి ఐదు బతికి ఉన్నాయి. ఈ మొక్క విషయంలో ఐదంటే నాకు చాలా సంతోషం.

డైసెల్మా ఆర్చెరీ ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మన ఊళ్లలో గేటు పక్కన కుండీల్లో పెంచే తూజా ఉంది కదా, అదీ ఇదీ సైప్రస్ కుటుంబానివే. కాకపోతే ఈ ప్రజాతిలో ఉన్నది ఇదొక్క జాతే. దగ్గరి చుట్టాలు ఎక్కడో దక్షిణ అమెరికాలోని ఫిట్జ్‌రోయా, ఆఫ్రికా దక్షిణాన ఉండే విడ్రింగ్టోనియా. నేనుండే ఈ టాస్మేనియాలో పడమటి కొండల మీదా మధ్య పీఠభూమి మీదా, వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తులో గుబురు పొదలా ఉంటుంది. నేను ఇక్కడి రాజధాని హోబార్ట్ వచ్చిన కొత్తలో మౌంట్ ఫీల్డ్ నేషనల్ పార్కు కొండ మీద మొదటిసారి చూశాను. అదే ఎత్తులో పెరిగే ఫెరోస్ఫెరా అనే ఇంకో పొద కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. రెమ్మని వేళ్ల మధ్య తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. డైసెల్మా ఆకులు పొలుసుల్లా ఎదురెదురు జంటలుగా, నాలుగు వరుసల్లో అంటుకుని ఉంటాయి కాబట్టి రెమ్మ నాలుగు పలకలుగా తగులుతుంది.

నేషనల్ పార్కులో రెమ్మ తుంచకూడదు. నర్సరీలో ఒక కుండీ కొని, దాన్నే తల్లి మొక్కగా పెట్టుకున్నాను.

కటింగ్స్ ఆరేడు సెంటీమీటర్ల పొడవు తీశాను. కత్తిరించకుండా, పాత కొమ్మ బెరడు కొంచెం మడమలా వచ్చేట్టు కిందికి లాగి తీస్తే మంచిది. కింది ఆకులు రాల్చి, వేళ్లు పుట్టించే రూటింగ్ హార్మోన్ పొడి అద్ది రెండు ట్రేలలో తొమ్మిదేసి గుచ్చాను. మొదటి ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం సగం. రెండోదాంట్లో ముతక ఇసుక, పెర్లైట్ ఎక్కువ, కోకోపీట్ గుప్పెడు. పైన పారదర్శకమైన మూత, కింద 18 డిగ్రీల వెచ్చదనం ఇచ్చే హీట్ మ్యాట్, పోసేది వాన నీళ్లే.

సెప్టెంబర్ వరకు ఏమీ కనపడలేదు. పచ్చగా ఉన్నంత మాత్రాన వేళ్లు వచ్చినట్టు కాదు, ఊరికే పీకి చూడొద్దు. డిసెంబర్‌లో ట్రేలు విప్పితే ఏడింటికి తెల్లటి వేళ్లు! అందులో ఆరు ఇసుక ట్రేవే. కోకోపీట్ ఎక్కువున్న ట్రేలో చాలావాటి మొదళ్లు నల్లబడి కుళ్లాయి. తడి ఉండాలి గానీ ఊపిరాడాలి. ఈ మొక్క గురించి నాకు తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి ఇదే.

జనవరిలో, అంటే ఇక్కడ నడి వేసవిలో, ఒక రోజు ఎండ 35 డిగ్రీలు దాటింది. వేళ్లొచ్చినవాటిని మార్చిన నల్ల ప్లాస్టిక్ కుండీలు సిమెంటు గచ్చు మీదే ఉండిపోయాయి. ఆ రోజు ఏం కాలేదనుకున్నాను. రెండు వారాలకు రెండు మొక్కలు గోధుమ రంగుకి తిరిగాయి. ఇలాంటి కోనిఫర్ (శంకువులు కాసే మొక్క) చచ్చిపోయిన సంగతి ఇలా ఆలస్యంగానే బయటపడుతుంది. చాలా బాధేసింది. ఎండాకాలంలో మంచినీళ్ల కుండని తడి ఇసుకలో కూర్చోబెడతాం కదా, మిగిలిన ఐదింటికీ అదే చేశాను. పెద్ద మట్టి కుండీలో ఇసుక పోసి, చిన్న కుండీ దాంట్లో పాతి, ఇసుకని తడుపుతూ వచ్చాను. ఆ తర్వాత ఒక్కటి కూడా పోలేదు. ఇప్పటికి చిగురు రెండు సెంటీమీటర్లు పెరిగింది.

ఇంకో సంగతి. మొన్నటి వసంతంలో తల్లి మొక్క రెమ్మల కొసల్లో పుప్పొడి శంకువులు వచ్చాయి. అంటే అది మగది. డైసెల్మాలో తాడిచెట్టులాగే పోతు వేరు, పెంటి వేరు. కటింగ్ తల్లికి నకలే కాబట్టి నా ఐదూ పోతులే, వీటితో గింజ రాదు. ఆడ శంకువు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది, భూతద్దం పెట్టి వెతకాలి.

గింజ కావాలని ఎందుకింత పట్టుదలంటే, ఈ పొద మంటల్లో కాలితే మొదలు నుంచి మళ్లీ చిగురించదు, గింజే దిక్కు. 2016 జనవరిలో పిడుగులు పడి మధ్య పీఠభూమి మీద లేక్ మెకంజీ చుట్టుపక్కల తగలబడినప్పుడు వందల ఏళ్ల పెన్సిల్ పైన్లు (ఇక్కడి ఇంకో కోనిఫర్ చెట్లు) మాడిపోయిన ఫొటోలు చూసిన దగ్గర్నుంచి నాకు ఆ దిగులు ఉంది.

మా తోటల క్లబ్బులో ఒకావిడ దగ్గర ఆడ మొక్క ఉందట. వచ్చే ఏప్రిల్‌లో పది రెమ్మలు ఇస్తానన్నారు. ఈసారి పదీ ఇసుక ట్రేలోనే, కుండీలన్నిటి మీదా ఆడా మగా రాసి పెడతాను.