తాళం లేని ఇల్లు

తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. గాలి హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. మూలన ఒక చీపురు గోడకు ఆనించి ఉంది.

రైవోన్ బోథీ. స్కాట్లాండ్ హైలాండ్స్‌లో ఇలాంటి చిన్న రాతి ఇళ్లు చాలా ఉన్నాయి. తాళం ఉండదు, అద్దె ఉండదు. నడిచొచ్చినవాళ్లు ఎవరైనా రాత్రికి తలదాచుకోవచ్చు. 1965లో మొదలైన ఒక స్వచ్ఛంద సంస్థ వాటిని బాగుచేస్తూ ఉంటుంది.

సెలవుల్లో ఇది మొదటి రోజు. సామాను గదిలో పడేసి, మధ్యాహ్నం గ్లెన్‌మోర్ నుంచి నడక మొదలుపెట్టాం. దారిలో పైన్ చెట్ల మధ్య ఆకుపచ్చ మడుగు కనబడింది. దేవకన్యలు తమ పచ్చ బట్టలు అందులో ఉతకడం వల్లే నీళ్లకి ఆ రంగు వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ నీళ్లని చూస్తే నమ్మాలనిపించింది.

తర్వాత ఈ ఇల్లు, ఆపైన మ్యాల్ ఎ వూఖిల్ కొండ. ఎత్తు 810 మీటర్లు. ఇక్కడి పాత భాష గేలిక్‌లో దాని పేరుకి అర్థం పశువుల కాపరి కొండ అట. పైన రాళ్లు పేర్చిన గోడ చాటున కూర్చుని, కింద లోఖ్ మోర్లిఖ్ సరస్సు, ఎదురుగా కెయిర్న్‌గార్మ్ కొండల మీద కదిలే మబ్బుల నీడలు చూస్తూ ఉండిపోయాం. ఆఫీసు ఫోన్ సంగతే గుర్తు రాలేదు. నెలల తర్వాత మొదటిసారి.

దిగేటప్పుడు మళ్లీ ఆ ఇంట్లో ఆగాం. ఫ్లాస్కులో మిగిలిన టీ తాగాం. మనకి తెలియని ఎవరో మనకోసం ఊడ్చి వెళ్లిన ఇల్లు! ఆ మాట తలచుకుంటే గొంతు పట్టేసింది.

లేచి చీపురు తీసుకున్నాను. మా బూట్ల బురదంతా ఊడ్చి, తలుపు గట్టిగా లాగి వచ్చాం.