మిట్టమధ్యాహ్నం చూడవలసిన తోటలు

తోట చూడాలంటే పొద్దున్నే వెళ్లాలని, లేకుంటే పొద్దు వాలిన తరువాత వెళ్లాలని అందరూ చెబుతారు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల తోటల విషయంలో మాత్రం నా సలహా వేరు. ఇక్కడి తోట మంచిచెడ్డలు తేల్చుకోవాలంటే ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం రెండు గంటల వేళ, గొడుగు లేకుండా ఒకసారి అందులో నడవాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నేల చాలాచోట్ల ఎర్ర చలక, కాస్త లోతుకు తవ్వితే రాయి. వానాకాలం చివర ఏ పార్కు అయినా పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి అప్పుడు మెచ్చుకోవడంలో విశేషం లేదు. ఆ పచ్చదనంలో బోరుబావి వాటా ఎంతో, చెట్టు వాటా ఎంతో ఎండాకాలంలోనే బయటపడుతుంది.

ఈ లెక్కన మొదట చెప్పవలసింది పిల్లలమర్రి గురించి. మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చోటును ఎవరూ ఉద్యానవనం అనరు, ఎందుకంటే అక్కడ చూడవలసింది ఒకే ఒక్క చెట్టు. కానీ ఏడు వందల ఏళ్లు పైబడిందని చెప్పే ఆ మర్రి మూడు నాలుగు ఎకరాల మేర పరచుకుని, దూరం నుంచి పచ్చని గుట్టలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లిన తరువాత ఏది మొదటి మాను, ఏది కిందికి దిగి నాటుకున్న ఊడ అన్నది విడదీసి చెప్పడం కష్టం. మర్రికొమ్మ పైకి కాక అడ్డంగా సాగుతుంది. సాగిన కొద్దీ బరువు పెరుగుతుంది కనుక, దాని నుంచి దిగిన ఊడలు నేలను పట్టుకుని స్తంభాలుగా మారితే తప్ప ఆ కొమ్మ నిలవదు. ఊడ కొసను దగ్గరగా చూస్తే అది లేత రంగులో, మెత్తగా, వేలితో చిదిమితే చిదిగిపోయేంత సుకుమారంగా ఉంటుంది. పిల్లలు ఊడలు పట్టుకుని ఊగడం, జనం తొక్కి తొక్కి నేల గట్టిపడిపోవడం చూడడానికి చిన్న సంగతులే అయినా, అటువంటి కొస ఒకటి తెగినా, నేలలోకి దిగలేకపోయినా, పైనున్న కొమ్మకు రావలసిన ఆసరా రాకుండా పోతుంది.

2017 చివర ఇక్కడ ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చెట్టుకు చెదలు లోతుగా పట్టాయని తేలడంతో సందర్శకులను ఆపివేశారు. 2018లో క్లోరిపైరిఫాస్ అనే చెదలమందును నీటిలో కలిపి, సెలైన్ సీసాలలో నింపి, వాటిని వందల సంఖ్యలో కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. చెట్టుకు సెలైన్ పెట్టారన్న వార్త, ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. నాకు మాత్రం దాని పక్కనే జరిగిన మరో పని ఎక్కువ మెచ్చుకోదగినదిగా తోచింది. లేత ఊడలను ప్లాస్టిక్ పైపులలోకి దించి, అందులో ఎరువు కలిపిన మట్టి పోసి, అవి నేలను చేరేదాకా కాపాడారు. బరువుకు వంగిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. మందు చెదలను చంపుతుంది, అంతవరకే. రాబోయే యాభై ఏళ్లు ఆ కొమ్మను మోయవలసింది ఈ కొత్త ఊడలే. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు వచ్చి వెళ్లిన తరువాత పిల్లలమర్రి మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. చెట్టు కిందంతా ఇష్టం వచ్చినట్లు తిరగనివ్వడం లేదని నొచ్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. పై సంగతులు తెలిసిన తరువాత కంచె ఇవతల నిలబడి చూడడం నాకేమీ లోటుగా అనిపించలేదు.

జడ్చర్లలోని డాక్టర్ బీఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో ఉన్న తెలంగాణ బొటానికల్ గార్డెన్ దీనికి పూర్తిగా భిన్నమైనది. అది విహారం కోసం కట్టినది కాదు, చదువు కోసం పెంచినది. మొక్కల మధ్య తిరగడం తెలియనివారికి మొదటి చూపులో అక్కడ అందమేదీ కనిపించకపోవచ్చు. మా పెద్దమ్మను వెంట తీసుకువెళ్లాను. జీవితమంతా పొలంలో గడిపిన మనిషి కాబట్టి, రోజూ గట్టు మీద తొక్కుకుంటూ నడిచే ఒక మొక్కకు కూడా పేరు రాసి ఉండడం చూసి ఆమె ఆగిపోయింది. “గీ దానికి గూడ బోర్డు వెట్టిండ్రా బిడ్డా? మన కల్లం పొంటి ఎంత గావాల్నంటే అంతుంటది!” అని నవ్వి, వెంటనే అది ఏ నొప్పికి పనికొస్తుందో, ఏ పసరులో కలుపుతారో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పే వైద్యానికి నేను పూచీ పడను. కానీ ఆమెకున్న తెలివిడి, బోర్డు మీది శాస్త్రీయ నామం ఒకేచోట కలవడం మరే పార్కులోనూ నాకు ఎదురుకాలేదు. మన గుట్టల మీద పెరిగేవాటిని ఒక కళాశాల పిల్లలు పేరుపెట్టి గుర్తుపట్టగలిగితే, నల్లమల అడవికి వెళ్లినప్పుడు వారి చూపు వేరుగా ఉంటుంది. ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చి, తెల్లటి బెరడుతో కొండ చరియల మీద నిలబడే తపసి చెట్టును దారిన పోయేవాడు ఎండిన మోడు అనుకుంటాడు. దాని బంకను సేకరించి అమ్ముకునే చెంచులకు అది ఇంటిని నిలబెట్టే చెట్టు.

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే దారిలో అప్పన్నపల్లి రిజర్వు ఫారెస్టు ఉంది. అక్కడ రెండు వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఎకో పార్కును తీర్చిదిద్దారు. ద్వారం దగ్గర మలిచిన ముందుభాగమంతా ఫొటోల కోసమేనని నా అభిప్రాయం. పిల్లలున్నవారికి అది నచ్చుతుంది కనుక దాని మీద ఎక్కువ చెప్పను. లోపలికి నడిచినకొద్దీ అసలు అడవి మొదలవుతుంది. అది మహావృక్షాల అడవి కాదు. మోకాలెత్తు, నడుమెత్తు పొదలు, బండలు, వాటి మధ్య మోదుగలు, చండ్రలు, సీతాఫలం చెట్లు. సీతాఫలం ఈ జిల్లాకు ప్రత్యేకించి చెందినది. దేశమంతటా తోటలలో వేసే బాలానగర్ రకానికి ఆ పేరు ఇక్కడి బాలానగర్ వల్లనే వచ్చింది. పండు అందరికీ తెలుసు, పువ్వును గమనించినవారు తక్కువ. ఎండాకాలంలో కొత్త చిగురుతో పాటు, ఆకుల చాటున తలకిందులుగా వేలాడే ఆ పువ్వుకు మందమైన, పొడవైన మూడు రేకులుంటాయి. రంగు ఆకుపచ్చకు, పసుపుకు మధ్యన ఉండడం వల్ల చటుక్కున కంటపడదు. అందులో ఆడభాగం ముందు పక్వమై, పుప్పొడి తరువాత విడుదలవుతుంది. ఒక పువ్వు నుంచి మరొక పువ్వుకు పుప్పొడి చేర్చే పని చిన్న చిన్న పురుగులు చేస్తాయి. చెట్టు నిండా పూసినా కాయలు కొన్నే నిలవడానికి ఒక కారణం ఇదే. గులాబీ మడుల ముందు గుంపులుగా నిలబడేవారు నాలుగడుగులు లోపలికి వచ్చి ఈ పువ్వును వేలితో ఎత్తి చూస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక పట్టణాల మధ్య ఉన్న పార్కుల గురించి చెప్పక తప్పదు. పేరు చెప్పను గానీ, ఒక పట్టణంలోని పార్కులో ఎకరం మేర గడ్డి పరచి, చుట్టూ కోనోకార్పస్ అనే, ఏడాదంతా పచ్చగా ఉండే విదేశీ మొక్కల వరుసలు పెట్టారు. ఎండలో కూర్చోవడానికి సిమెంటు బల్లలున్నాయి, వాటి మీద నీడ లేదు. పైపు పట్టుకుని నిలబడిన మాలిని పలకరిస్తే, “నీళ్లన్ని గీ గడ్డే తాగుతది సార్, యాపచెట్టు పెడదామంటే ఆకు రాల్తదని వద్దన్నరు” అన్నాడు. ఆకు రాలుతుందని వేపను వద్దనుకోవడం, పాలమూరు ఎండలో తివాచీ గడ్డి పెంచడం రెండూ ఒకే ఆలోచన నుంచి పుట్టినవి. ఏడాది పొడవునా మారకుండా ఉండే పచ్చదనమే అందమని నమ్మితే, ఋతువును బట్టి మారే మన చెట్లకు పార్కులో చోటు దొరకదు.

నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ దగ్గరి బుద్ధవనం 274 ఎకరాలలో ఉంది; 2022 మే నెలలో ప్రారంభమైంది. బుద్ధుని పూర్వజన్మలను చెప్పే జాతక కథలను చెక్కిన 40 శిలాఫలకాలు, పలు దేశాల స్తూపాల నమూనాలు, మహాస్తూపం, ధ్యానవనంలో శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహానికి 27 అడుగుల నమూనా ఉన్నాయి. శిల్పం చూడడానికి ఒక పూట చాలదు. జాతకవనంలో ఫలకం తరువాత ఫలకం చూస్తూ, కథ తెలిసినవాటి దగ్గర ఆగుతూ నడవడం నాకు చాలా ఇష్టమైన పని. కానీ నా మధ్యాహ్నపు పరీక్షలో అది ఇంకా నెగ్గలేదు. రాయి బాగా వేడెక్కుతుంది, చెట్లు ఇంకా ఎదగవలసి ఉంది. సాల వృక్షం కింద పుట్టి, రావి చెట్టు కింద జ్ఞానం పొంది, మళ్లీ సాల వృక్షాల నడుమనే తనువు చాలించిన వాడి పేరు మీద ఉన్న వనం కాబట్టి, శిలల కోసం పడిన శ్రమలో సగమైనా చెట్ల కోసం పడితే తీరే లోటు ఇది. మరో ఇరవై ఏళ్లకు ఇదే వనం గురించి వేరే మాట రాయవలసి వస్తే సంతోషిస్తాను.

చూడాలనుకునేవారికి రెండు మాటలు. ఫాల్గుణంలో వెళితే అప్పన్నపల్లి వైపు మోదుగలు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటాయి. బతుకమ్మ రోజులకు ముందు వెళితే దారుల వెంట తంగేడు, చేల గట్లపై గునుగు దొరుకుతాయి. జడ్చర్ల, అప్పన్నపల్లి, పిల్లలమర్రి మూడూ ఒకే వైపు ఉన్నాయి కనుక హైదరాబాద్ నుంచి వచ్చేవారు ఒక్క రోజులో తీరికగా చూసి తిరిగి వెళ్లవచ్చు. సాగర్‌కు మరొక రోజు పెట్టుకోవాలి. జడ్చర్ల తోట కళాశాల ఆవరణలోనిది కనుక సెలవు రోజుల్లో కాక పనిరోజున, ముందుగా కళాశాల వారిని అడిగి వెళ్లడం మర్యాద. మొక్కల గురించి చెప్పే అధ్యాపకులో విద్యార్థులో దొరికే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ.