అర్థమైంది పోలీసుల మాటలే

రాత్రి ఎట్టకేలకు తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీసిన 'విసారణై' చూశాను. 2016లో విడుదలైన సినిమా. ఇన్నాళ్లూ చూడకుండా దాటేయడానికి ఒకటే కారణం, కథ మా గుంటూరులో మొదలవుతుంది. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ చంద్రకుమార్ 1983లో ఇక్కడి లాకప్‌లో పడ్డ నరకాన్ని 'లాకప్' అనే నవలగా రాశాడు. సినిమా మొదటి సగానికి అదే ఆధారం.

నాకు తమిళం రాదు. కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూశాను. కానీ స్టేషన్ సీన్లు వచ్చేసరికి చదవాల్సిన పని లేకపోయింది. పని కోసం వచ్చిన తమిళ కుర్రాళ్లని, చేయని దొంగతనం ఒప్పుకోమని కొడుతుంటారు. కొట్టేవాళ్లు తెలుగువాళ్లు కదా. దెబ్బలు తినే కుర్రాళ్ల మాట ఒక్కటీ అర్థం కాదు, లాఠీ పట్టుకున్నవాడి మాట మాత్రం ప్రతి ముక్కా తెలుస్తోంది. పోలీసు వేషంలో అజయ్ ఘోష్ ఆ యాసతో అరుస్తుంటే మా వీధి చివర ఎవరో అరిచినట్టే ఉంది. నేను వాళ్ల పక్కన కూర్చున్నట్టయింది, సిగ్గేసింది కూడా. హీరో ఎప్పుడైనా తిరగబడతాడేమో అని చూశాను. అలాంటిదేమీ లేదు.

పొద్దున బ్రాడీపేటలో టిఫిన్‌కి వెళ్తే, ప్లేట్లు తీసే ఒడిశా కుర్రాడిని ఓనరు దేనికో కేకలేస్తున్నాడు. వాడు అన్నిటికీ "హా సార్, హా సార్" అంటున్నాడు. గ్లాసు నువ్వే పగలగొట్టావా అన్నా హా సారే. మామూలు రోజైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇవాళ ఇడ్లీ సహించలేదు.

మధ్యాహ్నం అక్క వాళ్లింట్లో భోజనం. బావ క్రిమినల్ లాయరు. ఇంత కొట్టి ఒప్పించడం దేనికి బావా, పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లదంటారుగా అని అడిగాను.

"చెల్లదు కాబట్టే కొడతార్రా" అన్నాడు. స్టేషన్లో ఏం రాసుకున్నా దాన్ని నేరం రుజువుకి వాడలేరు. అదే మనిషి మేజిస్ట్రేట్ ముందు నిలబడి అవునండీ అంటే లెక్క మారిపోతుంది. కొట్టేది కోర్టులో ఆ ఒక్క అవును కోసం. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది. దానికి విరుగుడు కూడా బావే చెప్పాడు: అరెస్టే చూపించకపోతే గంటలు ఎక్కడినుంచి లెక్కపెడతావు?

సినిమాలో కుర్రాళ్లు ఆ అవును అనకుండా కోర్టులో ఎదురు తిరుగుతారు. జడ్జికి తమిళం రాదు, వీళ్లకి తెలుగు రాదు. వేరే పనిమీద అక్కడికొచ్చిన తమిళ ఇన్‌స్పెక్టర్ తెలుగులో చెబితే గానీ విషయం బయటపడదు. సముద్రఖని వేశాడు ఆ పాత్ర, జాతీయ అవార్డు ఊరికే ఇవ్వలేదు. తర్వాత కథ తమిళనాడుకి వెళ్తుంది. అక్కడ భాష ఒకటే అయినా వాళ్ల గతేమీ మారదు. రెండో సగం గురించి ఇంక రాయను, చూడనివాళ్లు చూడాలి. నాకైతే మొదటి సగమే ఎక్కువ గుచ్చుకుంది.

బావకి ఆ జడ్జి నచ్చాడట. "చూశావా, నోరు విప్పితే కోర్టు వింది" అన్నాడు.

"ఆ ఇన్‌స్పెక్టర్ ఆరోజు రాకపోయుంటే?"

"అనువాదకుణ్ణి పిలిపిస్తారు. దొరక్కపోతే వాయిదా వేస్తారు."

"వాయిదా దాకా ఆ కుర్రాళ్లు ఎక్కడుంటారు?"

బావ మజ్జిగ కలుపుకుంటూ, "రిమాండులోరా, ఇంకెక్కడ" అన్నాడు.